ఒకే స్లైడు, రెండు రిపోర్టులు: పెద్దపేగు కేన్సర్ రిపోర్టింగ్‌లో పాథాలజిస్టుల మధ్య తేడాను తగ్గించుకోవడం ఎలా

ట్యూమర్ బోర్డులో (కేన్సర్ కేసుల మీద అన్ని విభాగాల డాక్టర్లు కలిసి చర్చించే సమావేశం) ఒకసారి ఆంకాలజిస్టు అడిగిన ప్రశ్న ఇంకా నా చెవిలో ఉంది. "ఇంతకీ సిరలోకి పోయిందా, పోలేదా?" అప్పుడు స్క్రీన్ మీదున్నది నా రిపోర్టే. 'వీనస్ ఇన్వేజన్ కనిపించలేదు' అని రాశాను, అంటే ట్యూమర్ సిరలోకి పోలేదని. పక్కన కూర్చున్న మా సీనియర్ మేడమ్ అదే బ్లాకుకు (మైనంలో పెట్టిన కణజాలం ముక్క) ఎలాస్టిక్ స్టెయిన్ (రక్తనాళం గోడను ఎత్తిచూపే రంగు) వేయించి చూశారు, ఉందన్నారు. తర్వాత స్లైడు తెచ్చుకుని మళ్లీ పెట్టి చూశాను. పెద్ద ధమని ఒకటి ఒంటరిగా ఉంది. దానికి జోడీగా సిర ఉండాల్సిన చోట గుండ్రటి ట్యూమర్ ముద్ద ఉంది. మామూలు హెచ్ అండ్ ఈ (రోజూ వేసే రంగు) స్లైడులోనూ కనబడుతూనే ఉంది. కొవ్వులోకి పాకిన ట్యూమరే కదా అని నేను దాటేశాను.

ఆ పేషెంటుది రెండో స్టేజ్, లింఫ్ నోడ్స్ అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అలాంటివాళ్లకు ఆపరేషన్ తర్వాత కీమో గురించి ఆలోచించాలా వద్దా అన్నది మనం రాసే ఇలాంటి నాలుగైదు మాటల మీదే నిలబడి ఉంటుంది. స్లైడు ఎవరి టేబుల్ మీదకు వెళ్లిందన్న దాన్నిబట్టి చికిత్స మారిపోకూడదు కదా.

అప్పటినుంచి మా డిపార్ట్‌మెంటులో ఈ తేడాల పని పట్టుకున్నాం. ఇద్దరు ముగ్గురు పాథాలజిస్టులు పెద్దపేగు కేసులు పంచుకునే ఏ ల్యాబ్‌లోనైనా చేయదగ్గ పనులే ఇవి. ఒక్క మాట ముందే చెప్పాలి. తేడా వచ్చిందనగానే అందరం 'చూపు' తేడా అనుకుంటాం. నేను చూసినంతవరకు చూపు తేడా చివరి కారణం. అంతకుముందే మూడు చోట్ల దారి చీలిపోతుంది: ఏ ముక్క బ్లాకులోకి వెళ్లింది, స్లైడులో ఎక్కడ వెతికారు, ఏ నిర్వచనం పట్టుకుని వెతికారు. అందుకే పని కూడా ఆ వరుసలోనే.

మొదటి మెట్టు: పాత రిపోర్టులు లెక్క తీయండి

స్లైడు ముట్టుకోకుండానే సగం సంగతి తెలిసిపోతుంది. గత రెండేళ్ల రిసెక్షన్ (ట్యూమర్ ఉన్న పేగు భాగాన్ని తీసేసిన ఆపరేషన్) రిపోర్టులు బయటకు తీసి, ఒక్కొక్క పాథాలజిస్టుకు కొన్ని అంకెలు రాయండి. సిరల ఇన్వేజన్ ఎంత శాతం కేసుల్లో రాశారు? పీటీ4ఏ (ట్యూమర్ పేగు బయటి పొర అయిన సెరోసా ఉపరితలం దాకా చేరడం) ఎంత? హై గ్రేడ్ ఎంత? సగటున ఎన్ని లింఫ్ నోడ్స్ దొరికాయి? కేసులు ఎవరికి ఏవి వస్తాయన్నది యాదృచ్ఛికమే అయితే ఈ అంకెలు దాదాపు ఒకేలా ఉండాలి. ఒకరికి పదికి ఒకటి, ఇంకొకరికి పదికి నాలుగు వస్తుంటే ఆ తేడా పేషెంట్లది కాదు, మనది.

బయటి కొలతబద్ద కూడా ఒకటి ఉంది. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ పాథాలజిస్ట్స్ తన డేటాసెట్‌లో ఆడిట్ కోసం కొన్ని కనీస స్థాయిలు పెట్టింది. సిరల ఇన్వేజన్ కనీసం 30 శాతం కేసుల్లో, సెరోసా దాకా వ్యాప్తి కోలన్ కేన్సర్లలో కనీసం 20 శాతం, రెక్టమ్ కేన్సర్లలో 10 శాతం, నోడ్స్ మీడియన్ 12. ఇది ఎందుకు ముఖ్యమంటే, అందరూ కలిసి ఒకే తప్పు చేస్తున్నా అంగీకారం నూటికి నూరు ఉంటుంది. అందరికీ సిరల ఇన్వేజన్ 12 శాతమే వస్తోందంటే మీరు భలే ఏకాభిప్రాయంతో ఉన్నట్టే, కానీ భలే దాటేస్తున్నట్టు కూడా.

ఈ పట్టికలో పేర్ల బదులు కోడ్ పెట్టండి. ఎవరి కోడ్ వాళ్లకే తెలియాలి. పేర్లతో గోడకు అంటిస్తే రెండో నెలకే అందరి అంకెలూ చక్కగా సర్దుకుంటాయి, స్లైడులు మాత్రం అలాగే ఉంటాయి.

రెండో మెట్టు: స్లైడ్ టెస్ట్ పెట్టి కప్పా కట్టండి

ఇప్పుడు ఒకే స్లైడును అందరూ చూడాలి. 50 కేసులు సరిపోతాయి. ఒక్కో కేసుకు ఒకే స్లైడు, వీలైతే స్కాన్ చేసినది. పాత రిపోర్టు కనబడకూడదు, మాట్లాడుకోకూడదు, జవాబులు ఫారంలో టిక్ పెట్టే పద్ధతిలో ఉండాలి. ఒక నెల గడిచాక కేసుల వరుస మార్చి అదే సెట్టు మళ్లీ ఇవ్వండి. మనతో మనమే ఎంత విభేదిస్తామో చూసుకుంటే, పక్కవాళ్ల మీద కోపం సగం తగ్గిపోతుంది.

కేసులు ఎంచేటప్పుడు ఒక జాగ్రత్త. అన్నీ తేలికవి పెట్టకండి, అన్నీ చిక్కువీ పెట్టకండి. లక్షణం ఉన్నవి, లేనివి దాదాపు సమానంగా ఉండేలా చూడండి. ఎందుకో కప్పా (ఊరికే కలిసేది తీసేశాక మిగిలే అంగీకారం) లెక్కలో తెలుస్తుంది.

ఇద్దరు కలిసి 100 స్లైడుల్లో సిరల ఇన్వేజన్ కోసం చూశారనుకుందాం. మొదటివారు 30లో ఉందన్నారు, రెండోవారు 20లో. ఇద్దరూ ఉందన్నవి 15, ఇద్దరూ లేదన్నవి 65. మొత్తం 80 శాతం అంగీకారం. బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఇద్దరూ స్లైడు చూడకుండా అదే నిష్పత్తిలో గుడ్డిగా టిక్కులు పెట్టినా కొన్ని కలుస్తాయి: 0.30ని 0.20తో గుణిస్తే 0.06, 0.70ని 0.80తో గుణిస్తే 0.56, కలిపితే 0.62. అంటే 62 శాతం ఊరికే వచ్చేదే. అసలు సంపాదించుకున్నది 0.80లోంచి 0.62 తీసేస్తే 0.18, సంపాదించే వీలున్నది 0.38. భాగిస్తే కప్పా 0.47. లాండిస్, కోచ్ 1977లో ఇచ్చిన కొలమానం ప్రకారం 0.41 నుంచి 0.60 వరకు మధ్యస్థం, 0.61 నుంచి 0.80 వరకు గట్టి అంగీకారం, ఆపైన దాదాపు సంపూర్ణం. మన 80 శాతం మధ్యస్థం దగ్గరే ఆగిపోయింది. ఇంకో విధంగా చూడండి: మొదటివారు ఉందన్న 30 కేసుల్లో సగం రెండోవారికి కనిపించలేదు.

అదే 100లో లక్షణం అరుదైనదై, ఇద్దరూ ఉందన్నది 1, ఇద్దరూ లేదన్నవి 91, చెరి నాలుగు చోట్ల తేడా అయితే అంగీకారం 92 శాతం, కప్పా మాత్రం 0.16. సెట్టులో ఉన్నవి లేనివి సమంగా ఉండాలన్నది ఇందుకే. బడ్డింగ్ (ట్యూమర్ అంచున కణాలు విడివడి ఉండటం, నాలుగో మెట్టులో చూద్దాం) లాంటి మూడంచెల వాటికి వెయిటెడ్ కప్పా, ఇద్దరికి మించి చూసేవాళ్లుంటే ఫ్లైస్ కప్పా వాడండి. ఉచిత సాఫ్ట్‌వేర్లు కట్టిపెడతాయి, కానీ ఒక్కసారైనా చేత్తో కట్టండి. అప్పుడే ఆ అంకె ఏం దాచుతుందో అర్థమవుతుంది.

మూడో మెట్టు: మైక్రోస్కోపు వదిలి గ్రాసింగ్ టేబుల్ దగ్గరకు రండి

స్లైడ్ టెస్టులో కప్పా బాగా వచ్చి, మొదటి మెట్టులోని శాతాలు మాత్రం వేరుగా ఉంటే దోషం గ్రాసింగ్‌లో, అంటే స్పెసిమెన్‌ను కోసి బ్లాకులకు ముక్కలు తీసే కత్తి దగ్గరే ఉన్నట్టు. బ్లాకులోకి రానిది స్లైడులోకి రాదు.

రాసి పెట్టుకోవాల్సినవి ఇవి. స్పెసిమెన్ ఫార్మలిన్‌లో కనీసం 48 గంటలు నానాలి. పచ్చిగా ఉన్నప్పుడు కోస్తే ముక్కలు జారి, మార్జిన్ (సర్జన్ కోసిన అంచు) దూరం ఎంతో ఎవరూ చెప్పలేరు. ట్యూమర్ ఉన్నంత మేర 3, 4 మిల్లీమీటర్ల ముక్కలుగా అడ్డంగా కోసి, వరుసగా పేర్చి ఫోటో తీయండి. ట్యూమర్ నుంచి కనీసం నాలుగు బ్లాకులు. అన్నీ కొవ్వులోకి దిగిన అంచు నుంచే రావాలి. లోపలివైపు నుంచి తీసిన అందమైన బ్లాకు కేన్సర్ అని చెబుతుంది తప్ప, ఇంకేమీ చెప్పదు.

ఇంకు విషయంలో చాలా ల్యాబుల్లో గందరగోళం ఉంటుంది. పెరిటోనియం (పొట్టలోని అవయవాలను కప్పే పలుచటి పొర) కప్పని భాగమే సర్జన్ కోసిన అంచు. దానికే ఇంకు పూయాలి. పెరిటోనియం మార్జిన్ కాదు, అది సహజమైన ఉపరితలం. అక్కడికి ట్యూమర్ చేరితే అది స్టేజ్ విషయం, పీటీ4ఏ. అసలు అంచుకు చేరితే మార్జిన్ విషయం. రెక్టమ్‌లో ఆ చుట్టు మార్జిన్‌కు ట్యూమర్ 1 మిల్లీమీటరు లేదా అంతకన్నా తక్కువ దూరంలో ఉంటే మార్జిన్ పాజిటివ్ అనే అంటాం. రెండింటికీ ఒకే ఇంకు పూసేస్తే, రిపోర్టు రాసేవాళ్లు స్లైడులో నల్ల గీత చూసి తమకు తోచింది రాస్తారు.

పెరిటోనియం మడతపడి పేగును కలిసే సందులు చూడకుండా వదలకండి. సెరోసా వ్యాప్తి ఎక్కువగా దొరికేది అక్కడే. మీసోరెక్టమ్ (రెక్టమ్ చుట్టూ ఉండే కొవ్వు) ఎంత చెక్కుచెదరకుండా వచ్చిందన్న నాణ్యతను పూర్తి, దాదాపు పూర్తి, అసంపూర్తి అని కోయకముందే నిర్ణయించాలి. ముందు, వెనక ఫోటోలు లేకపోతే దాని మీద తర్వాత వాదించుకోవడానికి కూడా ఏమీ మిగలదు.

నాలుగో మెట్టు: ఒక పేజీ నిర్వచనాలు

అసలు పని ఇక్కడుంది. పుస్తకాల నిర్వచనాలు అందరికీ తెలుసు. వాటి అంచుల దగ్గర ఏం చేస్తున్నామన్నదే ఎవరూ రాసుకోరు. ఒక్కో లక్షణానికి మీ ల్యాబ్ నిర్ణయం ఒకటి రెండు వాక్యాల్లో రాసి, మైక్రోస్కోపు పక్కన అంటించండి.

ట్యూమర్ బడ్డింగ్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే దీనికి చక్కటి నియమాలున్నాయి. 2016లో బెర్న్‌లో జరిగిన అంతర్జాతీయ ఏకాభిప్రాయ సమావేశం ప్రకారం బడ్ అంటే ఒంటరి ట్యూమర్ కణం, లేదా నాలుగు కణాల వరకు ఉన్న గుంపు. ఐదు కణాలు, ఆపైన ఉండి గ్రంథి కట్టకపోతే అది పూర్లీ డిఫరెన్షియేటెడ్ క్లస్టర్, బడ్ కాదు. హెచ్ అండ్ ఈ మీదే లెక్కపెట్టాలి. ట్యూమర్ చొచ్చుకెళ్లే అంచున 10 ఫీల్డులు మధ్యస్థ పవర్‌లో (10 ఆబ్జెక్టివ్‌తో) తిరిగి, అన్నిటికన్నా చిక్కగా ఉన్న చోటు ఎంచుకుని, 20 ఆబ్జెక్టివ్‌తో ఆ ఒక్క ఫీల్డులో లెక్కపెట్టాలి. 0.785 చదరపు మిల్లీమీటర్లకు 0 నుంచి 4 అయితే బీడీ1, 5 నుంచి 9 బీడీ2, 10 ఆపైన బీడీ3.

తేడా వచ్చేది ఆ 0.785 దగ్గరే. అది 20 ఫీల్డ్ నంబరున్న ఐపీస్‌కు వచ్చే వైశాల్యం. మీ ఐపీస్ మీద 22 అని ఉంటే ఫీల్డు పెద్దది, లెక్కను 1.21తో భాగించాలి. 25 అయితే 1.563తో. నేను 22తో చూసి 11 బడ్స్ లెక్కపెట్టాననుకోండి. భాగిస్తే 9 చిల్లర, బీడీ2. భాగించడం మరిచిపోతే బీడీ3. ఇద్దరి చూపూ ఒకటే, ఐపీస్ వేరు, గ్రేడ్ వేరు. ఇవాళే లేచి వెళ్లి ప్రతి మైక్రోస్కోపు ఐపీస్ మీద ఏముందో చూసి, భాగించాల్సిన అంకెను స్టిక్కర్ రాసి అంటించండి. ఈ మొత్తం గైడ్‌లో అన్నిటికన్నా చవకైన పని ఇదే.

ఇక వాపు కణాలు కిక్కిరిసిన చోట, పగిలిన గ్రంథుల పక్కన, మ్యూసిన్ మడుగుల్లో తేలే కణాలను బడ్స్‌గా లెక్కించకూడదని రాసుకోండి. సైటోకెరాటిన్ స్టెయిన్ (ట్యూమర్ కణాలను ఎత్తిచూపేది) దారి చూపడానికి పనికొస్తుంది గానీ దాని మీద లెక్కపెడితే అంకె బాగా పెరిగిపోతుంది. పైన చెప్పిన కటాఫ్‌లు దానికి వర్తించవు.

పీటీ4ఏ దగ్గర గొడవ అంతా బూడిదరంగు ప్రాంతంలో. ట్యూమర్ కణాలు ఉపరితలం మీదే ఉన్నా, ట్యూమర్ గుండా పేగు చిల్లిపడినా సందేహం లేదు. ఉపరితలానికి 1 మిల్లీమీటరు లోపల ఆగిపోయి, పైన మీసోథీలియల్ (ఉపరితలాన్ని కప్పే) కణాలు ఉబ్బి, ఫైబ్రిన్, కాస్త రక్తం ఉంటే? కొందరు పీటీ4ఏ అంటారు, కొందరు పీటీ3 (కొవ్వులోకి దిగినా ఉపరితలానికి చేరనిది) దగ్గరే ఆగుతారు. మా పద్ధతి: నిర్ణయించే ముందు ఆ బ్లాకుకు లోతైన కట్స్ తప్పనిసరి, చుట్టుపక్కల నుంచి ఇంకో బ్లాకు తప్పనిసరి. అయినా ఉపరితలం మీద కణాలు దొరకకపోతే పీటీ3 అని రాసి, కిందనే ఆ రియాక్షన్ సంగతి ఒక వాక్యంలో చెబుతాం. మీరు ఇంకోలా నిర్ణయించుకోవచ్చు, కానీ ఏదో ఒకటి రాసి పెట్టుకోండి.

ట్యూమర్ డిపాజిట్ల (కొవ్వులో విడిగా దొరికే ట్యూమర్ ముద్దలు) విషయంలో పాపం పాథాలజిస్టులను తప్పుపట్టలేం. టీఎన్ఎమ్ (కేన్సర్ స్టేజ్ నిర్ణయించే వర్గీకరణ) ఐదో ఎడిషన్‌లో 3 మిల్లీమీటర్ల రూల్, ఆరో ఎడిషన్‌లో అంచు నున్నగా ఉందా లేదా అన్న రూల్, ఏడో ఎడిషన్‌లో పాథాలజిస్టు విచక్షణ. ఎవరు ఎప్పుడు చదువుకున్నారో వాళ్ల వేళ్లు ఆ రూల్ వైపే పోతాయి. ఎనిమిదో ఎడిషన్ ప్రకారం కొవ్వులోని ముద్దలో నోడ్ కణజాలం గుర్తుపట్టగలిగితే అది నోడ్. రక్తనాళం గోడ గుర్తుపట్టగలిగితే వాస్కులర్ ఇన్వేజన్. నరం అయితే పెరిన్యూరల్ ఇన్వేజన్. ఏదీ కాకపోతే డిపాజిట్. నోడ్స్ అన్నీ నెగటివ్‌గా ఉండి డిపాజిట్ ఉంటే నోడ్ స్టేజ్ ఎన్1సీ. డిపాజిట్ అని రాసే ముందు ఎలాస్టిక్ వేయాలన్న నియమం పెట్టుకుంటే, సగం 'డిపాజిట్లు' సిరలుగా తేలడం చూసి మీరే ఆశ్చర్యపోవచ్చు.

గ్రేడ్ త్వరగా ముగిద్దాం. నాలుగంచెలు మానేసి రెండంచెలకు రండి: గ్రంథులు కట్టిన భాగం 50 శాతం లేదా ఎక్కువ ఉంటే లో గ్రేడ్, తక్కువైతే హై గ్రేడ్. 'వెల్' 'మోడరేట్' మధ్య వాదన ఎవరి చికిత్సనూ మార్చదు. బడ్డింగ్ ఉన్న అంచును గ్రేడ్‌లో కలపొద్దు.

ముందుగా రేడియేషన్, కీమో తీసుకున్న రెక్టమ్ కేసుల్లో రిగ్రెషన్ గ్రేడ్ (చికిత్సకు ట్యూమర్ ఎంత తగ్గింది) రాసేటప్పుడు పద్ధతి పేరు లేకుండా అంకె రాయడం ప్రమాదం. మాండార్డ్ పద్ధతిలో 1 అంటే ట్యూమర్ పూర్తిగా పోయింది. డ్వోరాక్ పద్ధతిలో 1 అంటే దాదాపు ఏమీ తగ్గలేదు, 4 అంటే పూర్తిగా పోయింది. ఒక ల్యాబ్ మాండార్డ్, ఇంకో ల్యాబ్ డ్వోరాక్ వాడుతూ 'గ్రేడ్ 1' అని రాస్తే ఏమవుతుందో ఊహించుకోండి. కణాలు లేని ఒట్టి మ్యూసిన్ మిగిలితే దాన్ని ట్యూమర్‌గా లెక్కించొద్దని కూడా రాయండి.

పాలిప్‌లో దొరికే పీటీ1 (పేగు లోపలి పొర కిందున్న సబ్‌మ్యూకోసా దాకానే వెళ్లిన) కేసుల్లో లోతు కొలిచే మొదటి బిందువే తేడాకు మూలం. మస్కులారిస్ మ్యూకోసా (లోపలి పొర అడుగున ఉండే పలుచటి కండరం) గుర్తుపట్టగలిగితే దాని కింది అంచు నుంచి, చెదిరిపోయి ఉంటే ఉపరితలం నుంచి కొలవాలన్నది జపనీస్ పద్ధతి. 1000 మైక్రోమీటర్ల గీత దగ్గర ఈ ఒక్క ఎంపికే జవాబును తారుమారు చేస్తుంది. ఎక్కడి నుంచి కొలిచారో రిపోర్టులో చెప్పండి.

ఐదో మెట్టు: స్టెయిన్‌ను మనసుకు వదిలేయొద్దు

'అనుమానం వస్తే ఎలాస్టిక్' అన్న నియమం పనిచేయదు. నాకు ఆ రోజు అనుమానమే రాలేదు కదా. లోతైన రెండు మూడు బ్లాకులకు ప్రతి రిసెక్షన్‌లోనూ వేయించడం మంచిది. అంత ఖర్చు కుదరకపోతే గుర్తులు చూసి వేయించండి: ఒంటరి ధమని పక్కన ట్యూమర్ ముద్ద, లేదా ట్యూమర్ అంచు నుంచి కొవ్వులోకి నున్నటి నాలుకలా పొడుచుకొచ్చిన భాగం. ఇవి కనబడితే అడగకుండానే టెక్నీషియన్‌కు స్లిప్ వెళ్లాలి. చిన్న నాళాల్లో కణాలా, కణజాలం కుంచించుకుని ఏర్పడిన ఖాళీయా అన్న సందేహానికి నాళాల లోపలి పొరను చూపే డీ2-40, సీడీ31 స్టెయిన్లు ఉన్నాయి.

మిస్‌మ్యాచ్ రిపేర్ (డీఎన్ఏ తప్పులను సరిదిద్దే ప్రోటీన్లు కణాల్లో ఉన్నాయో లేదో చూపే) స్టెయిన్లలో చదవడం కన్నా రాయడంలోనే ఎక్కువ తేడా. 'ఎంఎల్‌హెచ్1 పాజిటివ్' అని రాస్తే దాన్ని జబ్బు పాజిటివ్ అని చదివే డాక్టరు ఎక్కడో ఒకరుంటారు. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 నాలుగింటికీ 'న్యూక్లియర్ ఎక్స్‌ప్రెషన్ ఉంది' లేదా 'లేదు' అనే రెండే మాటలు పెట్టుకోండి. పక్కన ఉన్న లింఫోసైట్లలో, స్ట్రోమాలో స్టెయిన్ రాకపోతే 'లేదు' అనే హక్కు మనకు లేదు, స్టెయిన్ మళ్లీ వేయాలి.

ఆరో మెట్టు: టెంప్లేట్

పేరాలు మానేసి గడులు పెట్టండి. ఐసీసీఆర్ (కేన్సర్ రిపోర్టింగ్ కోసం ఏర్పడ్డ అంతర్జాతీయ కూటమి) డేటాసెట్, అమెరికాలోని కాలేజ్ ఆఫ్ అమెరికన్ పాథాలజిస్ట్స్ ప్రోటోకాల్ తయారుగా ఉన్నాయి, కొత్తగా కనిపెట్టక్కర్లేదు. గడి ఖాళీగా ఉంటే సైన్ అవుట్ కాకూడదు. 'లింఫోవాస్కులర్ ఇన్వేజన్' అని ఒకే గడి ఉంటే దాన్ని మూడుగా చీల్చండి: చిన్న నాళాలు, పేగు గోడలోని సిరలు, గోడ బయటి సిరలు. ప్రోగ్నోసిస్ పరంగా ఆ మూడూ ఒకటి కాదు.

ఏడో మెట్టు: కలిసి చూసే గంట

రెండు వారాలకోసారి ఒక గంట చాలు. ఆరేడు స్లైడులు, అందరూ విభేదించినవే. నియమం ఒక్కటే: మాట్లాడటానికి ముందు ప్రతి ఒక్కరూ కాగితం మీద జవాబు రాయాలి, అందరికన్నా జూనియర్ ముందు చదవాలి. లేకపోతే హెచ్ఓడీ గారు గొంతు సవరించుకోగానే ఏకాభిప్రాయం వచ్చేస్తుంది. మా దగ్గర మొదటి మూడు సమావేశాల్లో అదే జరిగింది. "సార్, నాకైతే లేదనే అనిపించింది" అని ఒక పీజీ అమ్మాయి అనడానికి నాలుగో సమావేశం దాకా పట్టింది. ఆ స్లైడు విషయంలో ఆ అమ్మాయిదే కరెక్ట్.

చర్చలో 'ఎవరు రైట్' అని అడక్కండి. 'ఏది చూసి అలా అన్నారు' అని అడగండి. వేరే చోట చూశారా, ఒకే చోటును వేరే పేరుతో పిలిచారా అన్నది అప్పుడే బయటపడుతుంది. తేలిన ప్రతి సంగతి నాలుగో మెట్టులోని పేజీలోకి ఒక వాక్యంగా వెళ్లాలి.

కొన్ని కేసులను సమావేశం దాకా ఆపలేం. పీటీ1 పాలిప్, పీటీ4ఏ సందేహం, మార్జిన్ 1 మిల్లీమీటరు దగ్గర ఉన్నవి, ఇవి రిపోర్టు బయటకు వెళ్లకముందే ఇంకొకరు చూడాలి. ఇద్దరికీ కుదరకపోతే మూడోవారు. ముగ్గురూ మూడు మాటలంటే ఆ సంగతే రిపోర్టులో రాయండి. ఆంకాలజిస్టుకు అబద్ధపు నిశ్చయం కన్నా నిజమైన సందేహమే ఎక్కువ ఉపయోగం.

ఎనిమిదో మెట్టు: మళ్లీ కొలవండి

ఆరు నెలల తర్వాత రెండో మెట్టులోని టెస్టును కొత్త స్లైడులతో పెట్టండి. పాతవే పెడితే జ్ఞాపకశక్తిని కొలిచినట్టవుతుంది. ప్రాక్టీసుకు వాడిన కేసులు వేరు, పరీక్షకు వాడేవి వేరు. మొదటి మెట్టులోని శాతాలనూ ఏటా ఒకసారి తీయండి. కప్పా పెరిగి శాతాలు పడిపోతుంటే అందరూ కలిసి జాగ్రత్త వైపు జారుతున్నారని అర్థం. అప్పుడు వేరే ల్యాబ్‌తో 20 స్లైడులు ఇచ్చిపుచ్చుకోండి.

కొత్తగా ఎవరైనా చేరితే మొదటి నెలలోనే టెస్ట్ సెట్ చేయించండి. మా సెట్టులో ఆ ట్యూమర్ బోర్డు స్లైడు కూడా ఉంది. చాలామంది నాలాగే దాటేస్తారు. నేనేమీ అనను, అదే బ్లాకు ఎలాస్టిక్ స్లైడు చేతికిచ్చి పక్క కుర్చీలో కూర్చుంటాను.